మా అత్తగారి మానిటర్

నేనూ మా అత్తగారూ ఒకే రేడియోలో పనిచేస్తాం. ఆవిడ స్టూడియోలో కూర్చుని చావుకబుర్లు చదువుతుంది. నేను పక్క గదిలో యంత్రాల మధ్య కూర్చుని, ఆ గొంతు మసాకా పట్నం చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ చేరేలా చూస్తాను. రెండు గదులకీ మధ్య గోడలో పెద్ద అద్దం ఉంది. అద్దానికి అడ్డంగా పరదా ఉంది. అద్దం రేడియోవాళ్లు పెట్టించారు, పరదా మా అత్తగారు కట్టింది.

నా పెళ్లికి ముందు ఆ పరదా లేదు. అప్పట్లో నకయెంగా నాకు అత్తగారు కాదు, అమ్మ. అలాగే పిలిచేవాణ్ణి. ప్రకటనల మధ్య పాట రాగానే వేయించిన పల్లీల పొట్లం పట్టుకొచ్చి నా బల్ల మీద విప్పేది. "ఒరేయ్ కిసీటూ, అన్నీ నువ్వే మేసేస్తున్నావు, నాకో నాలుగు గింజలు మిగల్చరా" అనేది. ఆ పల్లీలు తింటూ తింటూ ఆవిడ కూతురు నంటెజాని ప్రేమించాను. మా గాండా జనంలో అత్తా అల్లుడూ ఎదురుపడకూడదు. ఒక గిన్నెలోది తినకూడదు. పొరపాటున తగిలితే ఇద్దరికీ చేతులు వణికే జబ్బు పట్టుకుంటుందని అంటారు. ఇవన్నీ పెళ్లికి ముందు నాకు తెలియక కాదు, ప్రేమలో ఉన్నవాడికి పల్లీలు గుర్తుంటాయా? పెళ్లయిన తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజునే ఆవిడ సంచిలోంచి పరదా బట్ట, మేకులు, సుత్తి తీసింది. నాకు భార్య దక్కింది, పల్లీలు పోయాయి.

అంతకుముందు అద్దంలోంచి చెయ్యి ఊపి "ఇక చదవండి" అని సైగ చేసేవాణ్ణి. ఇప్పుడు ఆవిడ బల్ల మీద ఎర్ర బల్బు పెట్టాను. ఏదైనా చెప్పాల్సి వస్తే లమును చెబుతుంది. లమును మా వార్తలు చదివే మనిషి, మా గాండా పిల్ల కాదు, ఉత్తరాది అమ్మాయి. మా ఆచారాలంటే ఆమెకి మంచి వినోదం.

"ఏమయ్యా కిసీటూ, మీ అత్తగారు తుమ్మింది. చిరంజీవ అని చెప్పి రానా, లేక కాగితం మీద రాసిస్తావా?" అనేది.

"నీ వార్తలు నువ్వు చదువుకో."

"చదువుతాలే. మీ ఇద్దరి మధ్యా తిరగలేక నా చెప్పులరిగాయి, ముందు అవి కొనిపెట్టు."

మసాకాలో ఒక మాట ఉంది. నకయెంగా చదివేదాకా ఎవడూ పూర్తిగా చచ్చినట్టు కాదని. సాయంత్రం వార్తలయ్యాక ఆవిడ గొంతు రాగానే వంటిళ్లలో మటోకే అరటికాయలు చెక్కే చేతులు ఆగిపోతాయి. పోయిందెవరు, ప్రకటన ఇచ్చిందెవరు, మట్టి ఎక్కడ, ఎప్పుడు. చివర్లో, "ఈ కబురు ఫలానా ఊళ్లో ఫలానావారికి అందవలెను" అంటూ బంధువుల పేర్లు వరసగా వస్తాయి. ఆ వరసలో తన పేరు వినగానే మనిషి లేచి బయల్దేరాలి. పేరు తప్పు పలికితే ఒక అన్న తమ్ముడి మట్టికి వెళ్లలేకపోతాడు. ఆవిడ అంత శ్రద్ధగా చదవడం అందుకే. ప్రతి ప్రకటననీ ముందు తన చేత్తో, కుండల్లాంటి అక్షరాలతో తిరగరాసుకుని చదివేది.

సెమ్‌వెజి మేనేజరుగా వచ్చాక కాగితాలు మానిపించాడు. ముందు గదిలో ప్రకటన టైపు చెయ్యగానే అది స్టూడియోలో తెర మీద కనపడాలన్నాడు. కంప్యూటర్ ఫ్యాను హోరు మైకులో పడుతుందని యంత్రాన్ని నా గదిలోనే ఉంచి, గోడకి కన్నం చేసి, పొడుగాటి కేబుల్ లాగి మానిటర్‌నీ మౌస్‌నీ మాత్రం ఆవిడ బల్ల మీదకి పంపాను. యంత్రం ఒకటే, తెరలు రెండు, ఒకటి నాకూ ఒకటి ఆవిడకీ. అందులో నడిచేది లినక్స్. లినక్స్‌తో నా కాపురం పెళ్లికంటే పాతది.

తెర వచ్చిన కొత్తలోనే ఒక ఘోరం జరిగింది. కలుంగులో మువాంగుజి అనే పెద్దాయన, తమ్ముడు పోయాడని ప్రకటన ఇచ్చాడు. మా అత్తగారు తమ్ముణ్ణి వదిలేసి ఆ పెద్దాయన్నే చంపేసింది. మర్నాడు పొద్దున చుట్టాలు జాగారం మంటకి కట్టెలూ, శవానికి చుట్టే బెరడుబట్టా పట్టుకుని ఆయన ఇంటికే ఏడుస్తూ వెళ్లారు. ఆయన వాకిట్లో కూర్చుని టీ తాగుతున్నాడట.

"నా చావుకి ఎవరెవరు ఎంత నాసిరకం బట్ట తెస్తారో కళ్లారా చూశాను. మీ రేడియోకి దండం" అని ఫోన్ చేసి మరీ తిట్టాడు.

మేము నవ్వుకున్నాం గానీ సెమ్‌వెజి నవ్వలేదు. తలుపు దగ్గర నిలబడి, లోపల ఆవిడకీ బయట మాకూ వినపడేలా చెప్పాడు.

"అమ్మా, మీరంటే నాకు గౌరవమే. కానీ బతికున్నవాణ్ణి చంపితే రేడియో మూసుకోవాల్సిందే. శుక్రవారం నేనే మీ పక్కన కూర్చుని వింటాను. ఒక్క పేరు తప్పినా సరే, ఆ తర్వాత ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు."

లోపల్నించి "అలాగే నాయనా" అన్న మాట వినపడింది. ఆ గొంతు అంత చిన్నగా వినపడటం నేనెప్పుడూ ఎరగను. ఆ కుర్చీ పోతే ఆవిడకి మిగిలేదేమీ లేదు. మావగారు ఏనాడో పోయారు, కూతురు నా ఇంట్లో ఉంది. ఉన్న ఒక్క గొంతునీ ఊరంతటికీ పంచిపెట్టుకుని బతుకుతున్న మనిషి.

తప్పు తెరది అయ్యుండాలనుకున్నాను. ఆవిడ ఇంటికి వెళ్లాక స్టూడియోలోకి వెళ్లి ఆవిడ కుర్చీలో కూర్చుని చూశాను. నిజంగానే అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. కారణం కనుక్కోవడానికి ఎంతోసేపు పట్టలేదు. మానిటర్‌ని తగిలించగానే అది తన సంగతి తనే యంత్రానికి చెప్పుకుంటుంది, నేనింత వెడల్పు, ఇంత ఎత్తు, ఇంత వేగంగా బొమ్మ మార్చగలను అని. ఆ మాట వెళ్లడానికి కేబుల్లో వేరే తీగలుంటాయి. గోడలోంచి లాగిన మా పొడుగు కేబుల్లో ఆ తీగలు ఉన్నా లేనట్టే. మానిటర్ చెబుతూనే ఉంటుంది, యంత్రానికి వినపడదు. వినపడనప్పుడు అది ఎవరికీ ప్రమాదం లేని చిన్న కొలత ఒకటి ఊహించుకుని పంపుతుంది. మానిటర్ ఆ చిన్నదాన్నే సాగదీసి తెరంతా పరుచుకుంటుంది. మరి మసకబారక ఏం చేస్తుంది?

మానిటర్‌ని తిప్పి వీపు మీద చీటీ చదివాను. నా గదికొచ్చి దాని కొలతలన్నీ లెక్కగట్టి సెట్టింగుల ఫైల్లో నా చేత్తో రాశాను. మొదటిసారి రాసింది తప్పయి రెండు తెరలూ నల్లబడ్డాయి. బొమ్మలేమీ లేని ఉత్త అక్షరాల తెరలోకి దిగి, తప్పు దిద్ది మళ్లీ లేపాను. ఈసారి స్టూడియోలో అక్షరాలు కొత్త గాజుల్లా మెరిశాయి. అక్షరాల సైజు కూడా పెంచి, ఛాతీ విరుచుకుని ఇంటికెళ్లాను.

మర్నాడు లమునుని లోపలికి పంపాను, ఎలా ఉందో అడిగి రమ్మని.

"చాలా బాగుందట. అల్లుడుగారు చల్లగా ఉండాలట. వెయ్యేళ్లు బతకాలట. ఇంకా చాలా అంది, నేను మధ్యలోనే వచ్చేశాను."

ఆ సాయంత్రం ఎర్ర బల్బు వెలిగించాను. మొదటి రెండు ప్రకటనలూ బాగానే వచ్చాయి. మూడో దాంట్లో ఒక పేరు దగ్గర ఆగింది. రేడియోలో మౌనమంటే మామూలు మౌనం కాదు. హెడ్‌ఫోన్లో ఆవిడ ఊపిరి వినపడుతోంది. నా వేలు పాట బటన్ మీద ఉంది, వేసేద్దామా వద్దా అని. చివరికి ఎలాగో ఆ పేరు పలికింది. తప్పు కాదు, కానీ అది చదివి చెప్పినట్టు లేదు, అందాజుగా చెప్పినట్టుంది.

ఇంటికెళ్లి నంటెజా మీద ఎగిరాను. "కొత్త తెరలా చేసిచ్చాను. బాగుందని కబురు పంపింది. మళ్లీ తడబడుతుందేంటి మీ అమ్మ?"

నంటెజా కూర కలుపుతూ నా వంక జాలిగా చూసింది. "బాగుందని ఎవరితో చెప్పింది?"

"లమునుతో. నాకు చెప్పమని."

"అల్లుడు చేసిన పనికి అత్త వంక పెడుతుందా ఎక్కడైనా? పెళ్లిలో నువ్విచ్చిన గోమెసి గౌను గుర్తుందా? అమ్మకి అది ఎంత వదులో నీకు తెలుసా? ఇప్పటికీ ఒళ్లంతా పిన్నులు గుచ్చుకుని తొడుక్కుంటుంది. అడిగినవాళ్లందరికీ కొలిచి కుట్టించాడు మా అల్లుడు అంటుంది."

ఆ గౌనులో ఆవిడ్ని దూరం నుంచి చూసి ఎన్నిసార్లు మురిసిపోయానో!

"ఇంకోటి" అంది నంటెజా, పొయ్యి మంట తగ్గిస్తూ. "ఈమధ్య నాతో మాట్లాడేటప్పుడు కూడా పక్కకే చూస్తోంది. నా మీద ఎందుకో కోపంగా ఉంది. అడిగితే ఏం లేదంటుంది."

నా వంక చూడదంటే ఆచారం. కన్నకూతురి వంక చూడకపోవడానికి ఏ ఆచారం అడ్డు? ఆ ప్రశ్న పళ్లలో ఇరుక్కున్న మాంసం పీచులా రాత్రంతా నన్ను వదల్లేదు.

గురువారం మధ్యాహ్నం ఆవిడ పాత ప్రకటనలు తెర మీద పెట్టుకుని, మైకు ముందు తనలో తను చదువుకుంటోంది. ఆ గొంతు బయటికి పోదు, నా హెడ్‌ఫోన్లోకి మాత్రమే వస్తుంది. రెండు తెరల మీదా ఒకే బొమ్మ కాబట్టి ఆవిడ మౌస్ కదిపితే ఆ బాణం నా తెర మీదా కదులుతుంది. చదివే మాట కింద బాణం పెట్టుకుని జరుపుకుంటూ పోవడం ఆవిడకి అలవాటు, ఇదివరకు కాగితం మీద వేలు పెట్టుకున్నట్టే. కానీ బాణం మాట కింద లేదు. చదువుతున్న వరసకి రెండు వరసల పైన ఉంది. ఆవిడ "లుకాయా" అంటుంది, బాణం ఇంకెవరి పేరు మీదో ఉంటుంది. వరస మారినా అంతే, బాణం ఎప్పుడూ రెండు వరసల పైనే.

నా తెరకీ ఆవిడ తెరకీ లెక్క కుదరలేదేమో అనుకుని మళ్లీ కొలిచాను. కొలత సరిగ్గానే ఉంది. మౌస్‌ని అనుమానించాను. మౌస్ పాపం ఏమీ ఎరగదు. అప్పుడు బొటనవేలు కంటికెదురుగా అడ్డం పెట్టుకుని, రెండో కన్ను మూసి తెర చూశాను. సూటిగా చూసిన మాటని వేలు మింగేసింది. చూపు కొంచెం పైకెత్తాను. వేలునీ దాంతోపాటే పైకి జరిపాను, కిందున్న మాట అంచులో లీలగా కనపడింది.

నా వేలైతే దించాను, ఆవిడ దించగలిగేది కాదు. కంటి నడుమ చూపు పోయింది. సూటి చూపు ఉన్నచోట బాణం పెట్టుకుని, అంచులతో చదువుతోంది. మా అందరి వంకా పక్కకి తిరిగి చూస్తే గౌరవమనుకున్నాం, కోపమనుకున్నాం. ఆవిడ అలా తిరిగితేనే మేము కనపడతాం మరి. అక్షరాలు పెంచితే చాలనుకుని నేను నా కంటికి సరిపోయేలా తెర దిద్దాను. చూసేది ఎవరో కనుక్కోకుండా కొలత ఊహించుకుని పంపిన ఆ యంత్రానికీ నాకూ తేడా ఏముంది? నా మీద నాకే ఒళ్లు మండింది.

పరదా తీసి అడుగుదామా? అత్త ఒంట్లో సంగతి అల్లుడు నోరు తెరిచి అడగడమంటే మా జనంలో బట్టలిప్పడంతో సమానం. లమునుతో అడిగిస్తే ఊరంతా తెలుస్తుంది, సెమ్‌వెజికీ తెలుస్తుంది. అడగడానికి నా దగ్గరున్నది ఒకటే దారి, ఆ తెర. ఆవిడ మానిటర్‌ని నా దాన్నించి విడదీసి, దాని చిన్న నకలు మాత్రం నా తెర మూలన ఉంచుకున్నాను. ఆవిడ తెరంతా నల్లగా చేసి, అడ్డంగా ఒక పసుపు గీత గీసి, దాని కింద రెండు మూడు మాటలే పట్టేంత పెద్ద తెల్లటి అక్షరాలతో టైపు చేశాను. కళ్ల ఊసెత్తలేదు.

"మానిటర్ గురించి ఒక ప్రశ్న" అని రాశాను. తర్వాత, "ఆ గీతనే చూస్తుంటే కింద మాట తెలుస్తోందా?"

హెడ్‌ఫోన్లో ఆవిడ కుర్చీ కిర్రుమంది. తర్వాత గొంతు సవరించుకుని, రోజూ సాయంత్రం చదివే అదే గంభీరమైన గొంతుతో ఆవిడ మొదలుపెట్టింది.

"ప్రకటన. స్టూడియోలోని మానిటర్ తాలూకు వారికి తెలియజేయడమేమనగా, గీత మరికొంచెం పైకి జరగవలెను."

నేను నవ్వాపుకోలేకపోయాను. రాజుగారి చావు కూడా అంత ఠీవిగా చదవరు. గీత పైకి జరిపాను.

"ప్రకటన. గీత మరీ పైకి పోయినది. సగం వెనక్కి రావలెను."

సగం వెనక్కి తెచ్చాను.

"ప్రకటన. అక్షరముల మధ్య ఎడము చాలదు. తెలుపు మరీ మెరియుచున్నది, కొంత తగ్గవలెను. ఈ కబురు పక్కగదిలోని వారికి అందవలెను."

ఎన్నాళ్లయిందో ఆవిడ నన్నొక పని చెయ్యమని. నాకు వంక పెడుతోంది, తప్పులు పడుతోంది. పల్లీలు తిన్నంత తృప్తిగా ఉంది. తలుపు తోసుకుని వచ్చిన లమును నా హెడ్‌ఫోన్ అంచుల్లోంచి వస్తున్న ఆ గొంతు విని నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇవాళ చచ్చిందెవరు? మానిటరా?"

"కాదు. బతికింది" అన్నాను.

మౌస్ చక్రం తిప్పితే మాటలు రెండు మూడు చొప్పున గీత కిందకి వచ్చేలా చేశాను. సాయంత్రం దాకా ఆవిడ తిప్పి తిప్పి అలవాటు చేసుకుంది.

శుక్రవారం సెమ్‌వెజి కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు. మైకుని ప్రసారానికి తెరవకముందే అతని గొంతు నాకు వినపడింది. "ఇదేంటమ్మా, తెరంతా ఖాళీగా ఉంది? ప్రకటన ఏది? మూడు మాటలతో ఎలా చదువుతారు?"

"నోట్లోంచి వచ్చేదీ ఒక్కో మాటే గదా నాయనా" అంది మా అత్తగారు.

ఎర్ర బల్బు వెలిగించాను. నా చేతులు వణుకుతున్నాయి. అత్తని తగిలితే వచ్చే వణుకు తగలకుండానే వచ్చింది. ఆవిడ చదవడం మొదలుపెట్టింది. పోయినవాళ్లు పోయినవాళ్లుగా, బతికినవాళ్లు బతికినవాళ్లుగా, ఎవరి చోట్లో వాళ్లు వచ్చారు. చివర్లో బంధువుల పేర్లు. బుకులులాలో ఒకరు, ర్యానాలో ఒకరు, చోటెరాలో ఒకరు. ఎక్కడా ఆగలేదు. సెమ్‌వెజి కాగితం మీద పేర్లకి టిక్కులు పెట్టుకుంటున్నాడు కాబోలు, పెన్ను చప్పుడు కూడా వినపడింది. ఆఖరి పేరయ్యాక పాట వేశాను.

"ఈ వయసులో ఇంత బాగా చదివితే ఇక నేనేం అనను" అని లేచాడతను. "కానీ ఆ నల్లతెర ఏంటో నాకర్థం కాలేదు."

"మా అల్లుడి కొలత" అంది ఆవిడ.

తలుపు మూసుకున్న చప్పుడైంది. హెడ్‌ఫోన్ తియ్యబోతుంటే మైకు ముందు గొంతు సవరించుకోవడం వినపడింది. బయటికి పాట వెళుతోంది, ఈ గొంతు నా ఒక్కడికే.

"ప్రకటన" అంది. కాసేపు ఆగింది. ఈసారి ఆగింది కనపడక కాదు. ఎదుట తెర మీద చదవడానికేమీ లేదు.

"మసాకాలో ఉండే నకయెంగా బాధతో తెలియజేయునదేమనగా, ఆమె రెండు కళ్ల నడిమి చూపు పోయినది. అంచులు ఇంకా బతికే ఉన్నవి. ఇది వెనక్కి రాదని పెద్దాసుపత్రిలో చెప్పినారు. ఇంతకాలం ఎవరికీ కబురు పెట్టనందుకు మన్నించవలెను. ఈ కబురు కూతురు నంటెజాకి అందవలెను. తల్లికి ఆమె మీద కోపమేమీ లేదని, ముఖం కనపడక పక్కకి చూస్తున్నదని ఆమెకి చెప్పవలెను."

తర్వాత వచ్చింది ప్రకటన గొంతు కాదు.

"నువ్వే చెప్పరా కిసీటూ. నాకు చేతకావడం లేదు."

నాకు ఏడుపొచ్చింది. పరదా నా ముందే ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. అది ఆవిడ మేకులు కొట్టి కట్టుకున్న మర్యాద, తీసే హక్కు నాకు లేదు. కీబోర్డు దగ్గరికి లాక్కుని, నల్లటి తెర మీద, పసుపు గీత కింద, పట్టినంత పెద్ద అక్షరాలతో ఒకే మాట రాశాను.

"అమ్మా."

నా తెర మూలన ఉన్న చిన్న నకల్లో బాణం కాసేపు అటూ ఇటూ తచ్చాడింది. తర్వాత మెల్లగా వచ్చి, ఆ మాటకి కొంచెం పైన, పసుపు గీత మీద ఆగి, చాలాసేపు అక్కడే ఉండిపోయింది.